కోత ముందు, మత్తు తర్వాత

రేపల్లె చుట్టుపక్కల షేక్ బాబూజాన్ గారి సన్నాయికి ఎదురులేదు. అలాంటి సన్నాయికి ఆ రోజు పొద్దున్నే సొంతవేలే ఎదురు తిరిగింది. ఎడమచేతి చూపుడువేలు గోరుచుట్టు లేచి, చీము పట్టి, వంకాయ రంగుకి వచ్చి, గుండెతో పోటీపడి కొట్టుకుంటోంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి యార్లగడ్డ భావనారాయణ గారి అమ్మాయి పెళ్లిలో ఎదురుకోలు. ఆ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మేళం బాబూజాన్ గారి ఇంటిదే. తాత వాయించాడు, తండ్రి వాయించాడు, ఇప్పుడీయన వాయించాలి. వేలు చూస్తే సన్నాయి మీద ఆనించగానే ప్రాణం జివ్వుమని లాగేస్తోంది.

"ఈమాత్రం దానికి బెంగెందుకు గురువుగారూ?" అన్నాడు డోలు కోటిలింగం. "మత్తు సూదేసి చిన్న గాటు పెడతారు. చీమంతా బయటికొచ్చుద్ది. సాయంత్రానికి మీరు మామూలే. కళాకారుల బీమా కార్డు ఉండనే ఉందాయె."

కోటిలింగం డోలు మీద చెయ్యి వేస్తే వీధి వీధంతా అదురుతుంది. మనిషి మాత్రం ఉత్త పిరికి. కోడిమాంసం కొనడానికి వెళ్లినా కొట్టు వైపు వీపు పెట్టి నిలబడతాడు. అయినా గురువుగారికి తోడు రాకపోతే బాగుండదని, ధైర్యం అంతా కూడగట్టుకుని, డోలూ సన్నాయీ ఆటోలో వేసుకుని బయల్దేరాడు.

వ్యథాంతక మల్టీ స్పెషాలిటీ ఆసుపత్రి గుమ్మంలోనే నిలువెత్తు బోర్డు ఉంది. "మిమ్మల్ని నొప్పి లేకుండా ఇంటికి పంపడమే మా ధ్యేయం." బోర్డు అబద్ధం చెప్పడం లేదు. చిన్న ఆపరేషన్ల గదిలోంచి వస్తున్న వాళ్లందరూ కట్లతో ఉన్నా నవ్వు ముఖాలతోనే ఉన్నారు. తెగిన చెవితమ్మెకి కుట్లు వేయించుకుని వచ్చిన ఒకావిడ బాబూజాన్ గారి పక్కన కూర్చుంది.

"ఎట్టా ఉందమ్మా?" అని అడిగాడాయన.

"దివ్యంగా ఉందయ్యా. చెవి ఉందో లేదో కూడా తెలవట్లా."

"కుట్టేటప్పుడు నొప్పి తెలిసిందా?"

ఆవిడ ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. "అప్పటి సంగతి ఇప్పుడెందుకులే అన్నా" అని లేచి, వేరే కుర్చీలోకి మారిపోయింది.

కౌంటర్లో అమ్మాయి కార్డు గీకి, ఆయన పేరు ఆయన గొంతుతోనే మైకులో చెప్పించుకుని, "మీ వేలు నమోదైందండి, లోపలికెళ్లండి" అంది. పేరు నమోదు కావడం విన్నాడు గానీ వేలు నమోదు కావడం బాబూజాన్ గారు ఎప్పుడూ వినలేదు. కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాడు.

లోపల డాక్టర్ ప్రసూన అనే చిన్నవయసు సర్జన్ ఉంది. వేలు చూసింది, పెద్ద పనేం కాదంది, చేతికి గ్లవుజులు తొడుక్కుంది. కత్తి తీసి, "పళ్లు బిగించి పట్టుకోండి బాబాయ్. ముందు కోసేస్తాను, తర్వాత మత్తిస్తాను" అంది.

బాబూజాన్ గారు మర్యాదస్తుడు. ఆడపిల్ల మాట తడబడిందనుకుని చిన్నగా నవ్వాడు. "ముందు మత్తు, తర్వాత కోతమ్మా. అటూ ఇటూ అయినట్టుంది."

"అటూ ఇటూ ఏం కాలేదు బాబాయ్. ఇక్కడ వరస ఇదే."

"పెళ్లయ్యాక పెళ్లిచూపులా తల్లీ?"

ప్రసూన గోడవారనున్న ఇనప బీరువా చూపించింది. మత్తుమందు అందులో ఉంది. బీరువా కంప్యూటర్ చేతిలో ఉంది. కోత పూర్తయినట్టు కంప్యూటర్‌కి రుజువైతే గాని సొరుగు తెరుచుకోదు. "నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. బిల్లులకి కోడ్‌లు వేసే కోడింగ్ శాఖ వాళ్లు వినలేదు. మీరూ ఒకసారి అడిగి చూడండి. పెద్దవాళ్లు, మీ మాటైనా వింటారేమో" అంది. ఆమెకి ఆ ఆశ ఉన్నట్టు మాత్రం కనిపించలేదు.

కోడింగ్ శాఖ పై అంతస్తులో ఉంది. అక్కడి చల్లదనం ఆపరేషన్ గదిలో కూడా లేదు. శాఖాధిపతి దివాకరం గారు మనిషిని చూసి మాట్లాడరు, తెరను చూసి మాట్లాడతారు. మనిషికి జబ్బు చేస్తే డాక్టరు చూసుకుంటాడు, జబ్బుకి కోడ్ తప్పితే ఎవరు చూసుకుంటారు అన్నది ఆయన బెంగ. బాబూజాన్ గారు చెప్పిందంతా విని, తెరతో ఇలా అన్నారు.

"స్థానిక మత్తు అనునది కోతయందే ఇమిడి ఉన్నది. దానికి విడిగా ఉనికి లేదు. గతంలో మా ఆసుపత్రివారు ఈ సూక్ష్మం ఎరుగక మత్తుకు విడిగా బిల్లు పెట్టగా, బీమా సంస్థవారు తిప్పికొట్టి ఉన్నారు. అందుమీదట నన్ను నియమించి ఉన్నారు. నేను దీర్ఘముగా ఆలోచించితిని. కోతలో ఇమిడి ఉన్న వస్తువు కోత కంటే ముందు ఎట్లు రాగలదు? కొబ్బరికాయ పగలకుండా నీళ్లు బయటికి వచ్చునా?"

"ఇక్కడ పగిలేది నేను గదండీ" అన్నాడు బాబూజాన్ గారు.

"కావచ్చును. సూత్రము మారదు."

కోటిలింగం కల్పించుకున్నాడు. "మందులకొట్లో మేమే కొనుక్కొత్తామండీ ఆ మత్తు."

"బయటి మత్తు లోనికి అనుమతించబడదు."

"సినిమాహాల్లో సమోసాల్లాగానా?"

దివాకరం గారు తెర మీద తర్వాతి పేజీకి వెళ్లారు.

"పోనీ ఆ మత్తు సూదినే ఒక ఆపరేషన్ అనుకోండి" అన్నాడు బాబూజాన్ గారు. వేలు సలుపుతుంటే బుర్ర పాదరసంలా పనిచేస్తోంది. "సూదిపోటు కూడా పోటే గదా. దాని తర్వాత మత్తొచ్చుద్ది గదా."

దివాకరం గారు మొదటిసారి తెర మీంచి చూపు తిప్పారు. ఎదుటి మనిషిలో తర్కం కనబడితే ఆయనకి ముచ్చట. "బహు చక్కని ప్రశ్న. సూదిపోటును ఆపరేషన్‌గా భావించవచ్చును. పోటు అనంతరము అందు ఇమిడిన మత్తు విడుదలగును. కానీ ఆ మత్తు సూదిపోటుకు చెందినది. దానిని కోతకు వాడుట నిధుల మళ్లింపు వంటిది."

"ఇదంతా ఎందుకయ్యా, మేం ఇంకో ఆసుపత్రికి పోతాం."

"తమరు పోవచ్చును. వేలు పోజాలదు. సదరు వేలు మా వద్ద నమోదై ఉన్నది. డిశ్చార్జి అగువరకు వేరెవ్వరూ దానిపై చెయ్యి వేయరాదు."

బాబూజాన్ గారు వేలు వైపు చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తనదే అనుకున్న వేలు. గురువు దగ్గర దెబ్బలు తిని స్వరాలు నేర్చిన వేలు. ఒక కార్డు గీకేసరికి పరాయిదైపోయింది. ఆయనకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి, "కోసినట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెప్తే పోలా?" అన్నాడు నెమ్మదిగా.

"ఆ మోసము జరుగుచుండెడిది" అన్నారు దివాకరం గారు, పాత గాయం రేగినట్టు. "వైద్యులు కోయకుండానే కోసినట్టు నొక్కి, మత్తు ముందే తీసుకొనుచుండిరి. దానిని అరికట్టుటకై ఆర్తనాద ధ్రువీకరణ యంత్రమును నెలకొల్పితిని. గదిలో గోడకు ఉన్నది. రోగి అరుపు విని, అది నిజమైన బాధయే అని తేల్చుకొనిన పిమ్మటనే సొరుగు తెరుచును. నాటినుండి మా రోగుల సంతృప్తి జిల్లాలోకెల్లా అధికము. బయటికి పోవునప్పుడు అభిప్రాయము అడుగుదుము. అప్పటికి ఎవరికిని నొప్పి ఉండదు."

ఇద్దరూ మెట్లు దిగి మళ్లీ ఆపరేషన్ గదికి వచ్చారు. కిటికీలోంచి ఎండ తిరగడం కనిపిస్తోంది. అవతల పందిట్లో ఈపాటికి అరటిచెట్లు కట్టేసి ఉంటారు.

"కానివ్వమ్మా" అన్నాడు బాబూజాన్ గారు బల్ల మీద చెయ్యి పెట్టి. "మూడు తరాల మాట. కత్తికి భయపడి మాట పోగొట్టుకోలేను."

ప్రసూన కత్తి తీసుకుంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కోటిలింగం గురువుగారి మణికట్టు గట్టిగా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎంతవరకూ వచ్చిందో చూద్దామని కర్మకాలి ఒక్కసారి తెరిచాడు. కత్తి వేలికి ఇంకా బెత్తెడు దూరంలోనే ఉంది. తళుక్కుమంది.

"ఓరి నాయనోయ్! సచ్చాన్రోయ్!"

కోటిలింగం అరుపుకి ట్రేలో కత్తెరలు గలగలలాడాయి. వరండాలో ఎవరో చంటిబిడ్డ ఏడుపు లంకించుకుంది. గోడ మీద యంత్రానికి పచ్చదీపం వెలిగింది. "కోత ధ్రువీకరించబడినది. ధన్యవాదములు" అంది. బీరువా సొరుగు మెత్తగా బయటికి వచ్చింది.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇది తప్పేమోనమ్మా" అన్నాడు బాబూజాన్ గారు.

"తప్పే బాబాయ్. వేలు ఇలా పెట్టండి" అంది ప్రసూన.

ఆ తర్వాత సంగతి చెప్పుకోవడానికేం లేదు. లోకంలో అన్నిచోట్లా జరిగేటట్టే జరిగింది. సూది పడింది, వేలు మొద్దుబారింది, గాటు పడింది, చీము పోయింది. సన్నాయి రంధ్రం మీద ఆనే చోటు వదిలేసి ప్రసూన ఒద్దికగా కట్టు కట్టింది. "మత్తు సాయంత్రానికి దిగిపోతుంది. కొంచెం సలుపుతుంది గానీ వాయించొచ్చు" అంది. బాబూజాన్ గారు ఆ పిల్లని నిండు మనసుతో దీవించాడు. కోటిలింగం గోడకి ఆనుకుని మంచినీళ్లు తాగుతున్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు. వెనకాల దివాకరం గారు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వస్తున్నారు. రోజూ పడిన అరుపులన్నీ ఆయన స్వయంగా వింటారు.

"సదరు అరుపు లబ్ధిదారునిది కాదు!" అన్నారు ఆయాసపడుతూ. "ఉదయము కౌంటరు వద్ద నమోదైన గొంతుతో ఇది కలియుట లేదు. కార్డు లేని వ్యక్తి కార్డు ఉన్న వ్యక్తి తరఫున అరిచి ఉన్నాడు. అరుపును తక్షణము క్రమబద్ధీకరించవలెను. తమరు స్వయముగా అరువుడు. అంతవరకు వేలిని విడుదల చేయజాలము."

"ఇప్పుడు నొప్పే లేదు గదయ్యా! ఎట్టా అరిచేది?"

"అది తమరికే వదిలివేయుచున్నాము."

చేసేది లేక మళ్లీ గదిలోకి వెళ్లారు. బాబూజాన్ గారు యంత్రం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, "ఆ..." అన్నాడు. ఏం లాభం? పుట్టినప్పటినుంచీ శృతిలో పెరిగిన మనిషి. ఆ "ఆ" వచ్చి నేరుగా షడ్జమం మీద కూర్చుంది. అక్కణ్ణుంచి దానంతటదే రిషభం మీదికి జారి, ముఖారి అందుకుంది. యంత్రం ఓపిగ్గా మొత్తం విని, "సంగీతము. మరల ప్రయత్నించుడి" అంది.

మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి తోడి వచ్చింది. కోటిలింగం కట్టు ఉన్న వేలు నొక్కాడు, దానికి తెలియనే లేదు. రెండో చెయ్యి గిల్లాడు. గిల్లినప్పుడు అరుపు రాకపోగా చక్కటి గమకం వచ్చింది. "అట్టా కాదు గురువుగారూ, నాలాగా అరవండి" అని నేర్పబోయాడు. శిష్యుడి అపస్వరం విని గురువుగారు అలవాటుకొద్దీ సరిచేశాడు.

ఈలోగా గుమ్మం నిండా జనం చేరారు. కట్లు కట్టించుకున్నవాళ్లు, కట్టించుకోవలసినవాళ్లు, నర్సులు. చెవికి కుట్లు పడినావిడ ముందు వరసలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఒక రామకీర్తన పాడన్నా" అని అడిగింది. దివాకరం గారు కూడా తెలియకుండా తల ఊపారు. ఊపినందుకు సిగ్గుపడి, టై సవరించుకున్నారు. బయట ఎండ పసుపుపచ్చగా మారింది.

అప్పుడు బాబూజాన్ గారి ఫోను మోగింది. పెళ్లికూతురి తండ్రి భావనారాయణ గారు.

"సన్నాయి గారా? మీ వేలి సంగతి ఆటోవాడు చెప్పాడండీ. మీరేం కంగారు పడబాకండి. మనకి డీజే కుర్రోడు ఉన్నాడుగా, వాడి సెల్లులో సన్నాయి దొరికిందంట. పెద్ద స్పీకరు పెట్టి వదిలేస్తానన్నాడు. అచ్చం మీరు వాయించినట్టే ఉందండీ, తేడా ఏం తెలవట్లా. మధ్యలో సబ్బుల ప్రకటన ఏదో వస్తందంట గానీ, తాళి కట్టే టయానికి అది రాకుండా చూసుకుంటానన్నాడు. మీరు హాయిగా రెస్టు తీసుకోండి."

బాబూజాన్ గారు ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకున్నాడు. తాత కనిపించాడు, తండ్రి కనిపించాడు. తేడా ఏం తెలవట్లా. ఆ మాట ఎక్కడ దిగాలో అక్కడ దిగింది.

"హా..."

ఆ కేకలో శృతి లేదు, లయ లేదు, రాగం లేదు. నిండు ప్రాణం ఉన్న మనిషిని నిలువునా చీరితే వచ్చే కేక అది. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. పావురాలు లేచిపోయాయి. జనం నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. కోటిలింగానికి కూడా అరవబుద్ధి కాలేదు.

యంత్రం తనకున్న దీపాలన్నీ ఒకేసారి వెలిగించి, "ఛాతీ తెరిచి చేసిన గుండె ఆపరేషన్ ధ్రువీకరించబడినది. ధన్యవాదములు" అంది. బీరువాలో ఉన్న సొరుగులన్నీ ధన్ ధన్‌మని తెరుచుకున్నాయి.

దివాకరం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అంత పెద్ద కోడ్ ఆ గదిలో పడటం ఆసుపత్రి చరిత్రలో లేదు. "శుభము. అరుపు క్రమబద్ధమైనది. అయితే గుండె ఆపరేషన్ జరిగిన రోగిని ఇంటికి పంపరాదు. వెంటనే ఐసీయూలో చేర్చవలెను."

"అయ్యా, కోసింది వేలయ్యా!"

"యంత్రము గుండె అనుచున్నది."

బాబూజాన్ గారు బల్ల మీద కూలబడ్డాడు. "నిజమేలే. గుండే కోశాడు. యంత్రానికున్న జ్ఞానం ఆ భావనారాయణకి లేకపోయె" అన్నాడు.

డాక్టర్ ప్రసూన గ్లవుజులు విప్పి చెత్తబుట్టలో పడేసింది. పొద్దుటినుంచీ ఆమెకి వచ్చిన కోపం ఒక కొలిక్కి వచ్చింది. "దివాకరం గారూ, మీ కోడ్‌లో ఐసీయూ అంటే ఏమిటి? గోడలా?" అని అడిగింది.

ఆయన ఫోను తెరలో వెతికారు. "గోడల ప్రస్తావన లేదు. మంచము, గుండె కొట్టుకొనుట చూపు మానిటరు, నిత్యము అందుబాటులో వైద్యుడు. ఈ మూడును ఉన్న స్థలము ఐసీయూ అనబడును."

"అంబులెన్సులో మంచం ఉంది. మానిటర్ ఉంది. నేను ఎక్కితే డాక్టరూ ఉంటుంది. ఆ ఐసీయూని యార్లగడ్డ వారి పందిట్లోకి తోలుకుపోతే?"

దివాకరం గారి ముఖం మెల్లమెల్లగా వెలిగింది. తన తర్కానికి తనకంటే పై మెట్టు తర్కం తగిలినప్పటి ఆనందం అది. "నిర్దుష్టముగా ఉన్నది!" అన్నారు పరవశించి. "పర్యవేక్షణకు నేనును వచ్చెదను."

అలా రేపల్లె బజారులో సైరన్ మోగించుకుంటూ ఒక ఐసీయూ పెళ్లికి బయల్దేరింది. పందిట్లోకి అంబులెన్సు రావడం చూసి ఆడవాళ్లు కెవ్వుమన్నారు. డీజే కుర్రాడు వేలు మీట మీద పెట్టి అలాగే బిగుసుకుపోయాడు. వెనక తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ మీద, ఛాతీకి వైర్లతో, పట్టుపంచె కట్టుకుని, ఒళ్లో సన్నాయి పెట్టుకుని బాబూజాన్ గారు దిగాడు.

భావనారాయణ గారు పరుగెత్తుకొచ్చారు. "ఏందండీ ఇది? వేలన్నారు, ఇట్టా వచ్చారేంది?"

"గుండె ఆపరేషనంటండీ."

"ఓరి భగవంతుడా! ఎవరు చేశారు?"

"మీరే."

భావనారాయణ గారికి సంగతి అర్థమైంది. ముఖం చిన్నబోయింది. వెనక్కి తిరిగి, "ఒరేయ్, ఆ స్పీకరు కట్టెయ్యరా!" అని గట్టిగా కేకేశారు. తర్వాత వచ్చి స్ట్రెచర్ పక్కన తలొంచుకుని నిలబడ్డారు. బాబూజాన్ గారు ఆయన్ని మరి ఎక్కువసేపు నిలబెట్టలేదు. కోపం పెట్టుకుని సన్నాయి ముట్టుకోవడం ఆయన ఇంటా వంటా లేదు.

సన్నాయి పీక తడిపి పెదాలకి ఆనించాడు. మత్తు దిగుతోంది, వేలు సన్నగా సలుపుతోంది. రంధ్రం మీద పెడితే మాత్రం నిఖార్సుగా నిలబడింది. వేలు మళ్లీ తనదైపోయింది. స్ట్రెచర్ పక్కన కోటిలింగం డోలు ఎత్తుకున్నాడు. తొలి స్వరం పందిట్లోంచి లేచి వీధి చివరిదాకా వెళ్లేసరికి, ఎదురుకోలుకి వస్తున్న మగపెళ్లివారు నడక మరిచిపోయి నిలబడిపోయారు. మానిటర్ మీద గీత బాబూజాన్ గారి గుండె కొట్టుకున్నట్టల్లా ఎగురుతోంది. డాక్టర్ ప్రసూన దానివంక చూడటం ఎప్పుడో మానేసింది.

దివాకరం గారు స్ట్రెచర్ కాళ్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఐసీయూ రోగి స్థితిని ఎప్పటికప్పుడు పై అధికారులకు తెలపడం నియమం. ఆయన కళ్లు తుడుచుకుని, ఫోను తీసి, నియమం తప్పకుండా టైపు చేశారు.

"రోగి పరిస్థితి విషమము. ప్రస్తుతము కల్యాణి వాయించుచున్నారు. ఇప్పుడప్పుడే డిశ్చార్జి చేయవద్దని బంధుమిత్రులందరు కోరుచున్నారు."